బొడ్డులో నిలిచే తడి

మే నెలలో బెజవాడ ఎండకు వెళ్లొచ్చి ఫ్యాను కింద కూర్చుంటే వీపు మీది చెమట పది నిమిషాల్లో ఆరుతుంది. బొడ్డులోది ఆరదు. బొడ్డుతాడు ఊడిన చోట మిగిలిన మచ్చ అది. లోతుగా, మడతలుగా ఉంటుంది కాబట్టి గాలి ఆడదు. చెమట, సబ్బు నురగ, రాలిన చర్మం, బట్టల పోగులు అక్కడే నానతాయి. 2012లో అమెరికా శాస్త్రవేత్తలు 60 మంది బొడ్లలో 2,368 రకాల బ్యాక్టీరియాను లెక్కపెట్టారు. సూక్ష్మజీవులు ఉండటం జబ్బు కాదు. నానిన చర్మం చిట్లి వాటికి దారిస్తేనే జబ్బు.

ఫంగస్ అయితే ఎర్రగా కంది దురద పెడుతుంది, చుట్టూ చిన్న పొక్కులు లేస్తాయి. బ్యాక్టీరియా అయితే నొప్పి, వాపు, వాసనతో చీము. పదేపదే తిరగబెడుతుంటే ముందు షుగరు పరీక్ష చేయించుకోండి. జీన్స్ గుండీ తగిలే చోట మాత్రమే దద్దు వస్తే అది చాలాసార్లు గుండీలోని నికెల్ లోహం ఒంటికి పడకపోవడమే. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు బొడ్డు భగ్గుమంటే కారం ఘాటు కావచ్చు. అది ఉత్త నీళ్లకు వదలదు, సబ్బు కావాలి.

స్నానంలో వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, సబ్బు నీళ్లతో మడతలు తుడిచి, నురగ పోయేదాకా కడగండి. అసలు పని ఆ తర్వాతే ఉంది: పొడి నూలుగుడ్డ కొసను మెలితిప్పి లోపల అద్దాలి, రుద్దకూడదు. గుడ్డ కొస పొడిగా బయటికి వచ్చేదాకా అద్దండి. చలవ చేస్తుందని పెద్దవాళ్లు ప్రేమతో ఆముదం వేస్తారు. పుండు పడ్డ బొడ్డులో మాత్రం ఆముదం, పసుపు, పౌడరు ఏవీ వద్దు, తడిని లోపలే పట్టి ఉంచుతాయి.

ఫంగస్‌కు క్లోట్రిమాజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, పలచగా, రెండు వారాలు రాయాలి. నాలుగు రోజుల్లో దురద తగ్గిందని ఆపితే మళ్లీ మొదలవుతుంది. మందుల షాపులో ట్యూబు చేతికివ్వగానే వెనక సన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అనే పేర్లుంటే అందులో స్టెరాయిడ్ కలిసినట్టు. ఎరుపు ఇట్టే పోతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతుంది. డాక్టరు రాయకుండా దాన్ని వాడొద్దు.

నల్లగా గట్టిపడిన ముక్క కనిపిస్తే పిన్నుతో తవ్వకండి, డాక్టరు పట్టకారుతో తీస్తారు. మూత్రంలాంటి నీరు కారుతున్నా, జ్వరమొచ్చినా, ఎరుపు పొట్ట మీదికి పాకినా, లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) కుట్ల దగ్గర రసి కారినా ఇంట్లో వైద్యం చాలదు.

పసిబిడ్డ సంగతి వేరు. బొడ్డు ఊడేదాకా పొడిగా ఉంచి, డైపర్‌ను దాని కిందికి మడవాలి. చుట్టూ ఎర్రబడి, చీము పట్టి, బిడ్డ పాలు తాగడం తగ్గిస్తే అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.