జుట్టు పరీక్షంటే తలలో ముక్క తీయడమేనా?

నేను కోనసీమలో చర్మవ్యాధుల డాక్టర్‌ని. జుట్టు ఊడుతోందని వచ్చినవాళ్లు కూర్చోగానే అడిగేది మందు గురించి కాదు, "ముక్కేమన్నా తీస్తారాండీ?" అని.

అపోహ: ముక్క తీస్తేగానీ జబ్బేంటో తెలీదు.

ఎక్కువమందికి ఆ అవసరమే రాదు. రెండు మూడు నెలల కిందట డెంగీ వచ్చిందా, కాన్పయిందా, ఆపరేషన్ జరిగిందా అని అడిగితేనే చాలాసార్లు విషయం తేలిపోతుంది, ఎందుకంటే అలాంటి దెబ్బకి వెంట్రుకలు మూకుమ్మడిగా విశ్రాంతి దశలోకి వెళ్లిపోయి, ఆనక తీరిగ్గా ఊడతాయి. తర్వాత ఓ 50, 60 వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి ఎన్ని ఊడొచ్చాయో చూస్తాం. ఆపైన డెర్మోస్కోప్, అంటే 10 రెట్లు పెద్దది చేసి చూపే లైటున్న భూతద్దం. కోతా లేదు, నొప్పీ లేదు.

అపోహ: పేనుకొరుకుడంటే ఏదో పురుగు కొరికింది.

పురుగూ లేదు, పేనూ లేదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. లెన్స్ పెడితే జుట్టు ఊడిన మచ్చ అంచున పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, కొస లావుగా, మొదలు సన్నగా, ఆశ్చర్యార్థకం గుర్తులాగే. పక్కనే పసుపు చుక్కలు, నల్ల చుక్కలు. పిల్లల్లో ఇలాంటి మచ్చే ఫంగస్ వల్లా వస్తుంది, అందులో వెంట్రుకలు కామాలా వంగో, స్ప్రింగులా మెలితిరిగో ఉంటాయి, దానికి పైపూత చాలదు, మందు మింగాలి. ఈలోపు ఎవరో చెప్పారని గురివింద గింజ అరగదీసి రుద్దేస్తారు. అది విషం గింజండీ బాబూ! పుండు చేసుకుని వస్తే లెన్స్ కింద నాకు చెక్కు తప్ప ఏం కనపడుతుంది?

అపోహ: బోరు నీళ్లకే బట్టతల.

ఉప్పునీటికి జుట్టు బిరుసెక్కి మధ్యలో తెగొచ్చు, కుదురు చావదు. తెగిందో కుదురే బలహీనపడిందో లెన్స్‌లో తెలుస్తుంది. బట్టతల మొదలైతే లావు వెంట్రుకల మధ్య సన్నవి కలగలిసి కనిపిస్తాయి, ఊరు మారినా అది ఆగదు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే, మొక్కుంటే తీర్చుకోండి, కుదుళ్లు మాత్రం పెరగవు.

పరీక్షకి నూనె, రంగు లేకుండా రండి, రంగు మరకలు చుక్కల్లా కనిపించి మమ్మల్ని తికమక పెడతాయి. కొబ్బరి నూనె లేని తలతో గడప దాటడం మా పెద్దవాళ్లకి నామోషీ, తెలుసు.

అపోహ: లెన్స్ ఉంటే ఇక బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, ఎందుకు?

వెంట్రుక రంధ్రాలే మాయమై చర్మం నున్నగా మెరుస్తుంటే అది మచ్చకట్టే రకం కావచ్చు, అక్కడ పోయిన కుదురు తిరిగిరాదు. అప్పుడు మాత్రం వద్దని మొండికేయకండి. మత్తిచ్చి సుమారు 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తాం, అది ఎక్కడ తీయాలో చూపించేదీ ఆ లెన్సే.