వెంట్రుకవాసి సందు

పాత బైకు ఇంజను పైభాగంలోంచి టిక్‌టిక్‌మని మోత మొదలైందంటే చాలామందికి మనసు నిలవదు. "టాపెట్లు కొట్టుకుంటున్నాయి, కాస్త టైట్ చెయ్యండి" అని మెకానిక్‌ని అడుగుతారు. టాపెట్లంటే వాల్వుల్ని నొక్కే భాగాలు. వాల్వులంటే ఇంజనులోకి గాలీ పెట్రోలూ రానిచ్చి, పొగను బయటికి పంపే మూతలు. ఆయన బిగిస్తాడు. మోత పోతుంది, బండి నున్నగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. లూజుగా ఉన్న వాల్వు గోల చేసి మరీ తన సంగతి చెబుతుంది. టైటైన వాల్వు చప్పుడు చెయ్యకుండా కాలిపోతుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో అది సెకనుకు 50 సార్లు. క్యామ్ అనే ఉబ్బెత్తు భాగం రాకర్ అనే మీటను నెడుతుంది, రాకర్ కొసనున్న స్క్రూ వాల్వు కాడను నొక్కుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి మూస్తుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు ఆ స్క్రూకీ కాడకీ మధ్య మిగలాల్సిన ఖాళీయే వాల్వు క్లియరెన్స్. గాలితో చల్లబడే చిన్న ఇంజన్లు చాలావాటిలో ఇది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మనం రాసుకునే మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అక్షరాలా వెంట్రుకవాసి వ్యవహారం.

ఆ సందు వేడి కోసం వదిలింది. 100 మిల్లీమీటర్ల ఉక్కు కాడ 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.36 మిల్లీమీటరు సాగుతుంది. మనం వదిలిన సందు కంటే ఇది చాలా ఎక్కువ. అయినా వాల్వు ఇరుక్కుపోదు, ఎందుకంటే దాన్ని మోస్తున్న అల్యూమినియం హెడ్ (ఇంజను పైభాగం) కూడా సాగుతుంది. హెడ్ అంతగా వేడెక్కదు గానీ, డిగ్రీకి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఈ రెండు సాగుళ్ల తేడాను సర్దుకోవడానికే ఆ ఖాళీ. పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా వేడి కాబట్టి చాలా ఇంజన్లలో దానికి కొంచెం ఎక్కువ వదులుతారు. పాత బుల్లెట్ కథ వేరు. అందులో అల్యూమినియం పుష్‌రాడ్లు (క్యామ్ తోపును రాకర్‌కు అందించే కడ్డీలు) ఉంటాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సందు సున్నా. రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు.

ఇప్పుడు సందు పూర్తిగా పోయిందనుకోండి. ఎగ్జాస్ట్ వాల్వు తల పని చేసేటప్పుడు 700 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం అది సీటుకు, అంటే మూసుకున్నప్పుడు తను కూర్చునే అంచుకు, ఆనుకుని ఉన్నప్పుడే హెడ్‌లోకి దిగిపోతుంది. రాకర్ నొక్కుతూనే ఉంటే వాల్వు సీటు మీద సరిగా కూర్చోదు, చల్లబడదు. పైగా మండుతున్న వాయువులు ఆ సన్నటి చీలికలోంచి దూసుకుపోతూ అంచును కొరికేస్తాయి. మొదట స్టార్టింగ్ కష్టమవుతుంది, ఐడ్లింగ్ నిలవదు, కంప్రెషన్ (సిలిండర్లో వాయువు మీది ఒత్తిడి) తగ్గుతుంది. అప్పటికే ఆలస్యం.

సందు తగ్గడమేమిటి, అరిగితే పెరగాలి కదా అనిపిస్తుంది. రాకర్, క్యామ్ అరిగితే పెరుగుతుంది, నిజమే. సీటు అరిగితే మాత్రం వాల్వు హెడ్‌లోకి లోతుగా దిగి, దాని కాడ పైకి, రాకర్ వైపు జరుగుతుంది. ఒకప్పుడు పెట్రోలులో కలిపిన సీసం మెత్తటి సీట్ల మీద పొరలా నిలిచి ఈ అరుగుదలను ఆపేది. దాని విషం మనుషులకు చేసిన చేటు చాలా పెద్దది. 2021లో అల్జీరియా ఆపేయడంతో ప్రపంచంలో ఎక్కడా కార్లకూ బైకులకూ సీసం పెట్రోలు అమ్మకుండా పోయింది. గట్టి సీట్లు లేని పాత ఇంజనున్నవాళ్లు ఇంకాస్త తరచుగా సందు చూసుకోవాలి.

చూడటానికి ఇంజను పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మంచిది. ప్లగ్గు తీసేస్తే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. ఇంజను నడిచే దిశలోనే తిప్పుతూ గాలీ పెట్రోలూ రానిచ్చే ఇన్‌లెట్ వాల్వును గమనించండి. అది దిగి, మళ్లీ పైకొచ్చాక, ఫ్లైవీల్ మీది 'టి' గుర్తు గీతకు ఎదురుగా రావాలి. అదే కంప్రెషన్ స్ట్రోక్ చివర, రెండు రాకర్లూ వేలితో కదిపితే కొద్దిగా ఆడతాయి. ఆడకపోతే ఒక చుట్టు తిప్పి చూడండి. ఇక్కడ పొరపడితే మిగతా పనంతా వృథా.

ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న సన్నటి రేకుల కట్ట) రేకు సందులో కొద్దిపాటి పట్టుతో జారాలి. ఆ 'కొద్దిపాటి' ఎంతో తేలకపోతే రెండు రేకులు వాడండి. కొలత 0.08 అయితే ఆ రేకు దూరాలి, 0.10 రేకు దూరకూడదు. సర్దేటప్పుడు లాక్‌నట్ వదులు చేసి స్క్రూ తిప్పుతాం. మర పిచ్ (ఒక చుట్టుకు స్క్రూ జరిగే దూరం) అర మిల్లీమీటరైతే పదో వంతు చుట్టుకే 0.05 మారిపోతుంది. అందుకే స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి, బిగించాక మళ్లీ కొలవాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో కొలతనే.

కొలత సరిగ్గా ఉన్నా మోత ఆగకపోతే, దయచేసి ఇంకో పావు చుట్టు బిగించకండి. వాల్వు కాడను తాకే స్క్రూ కొస చూడండి. అక్కడ గుంట పడి ఉంటే, తిన్నని రేకు దాని మీదుగా వెళ్లిపోతుంది, లోతు లెక్కలోకి రాదు. మార్చాల్సింది ఆ స్క్రూ.