ఈథ్0 పంచాయితీ మళ్లీ లేచింది, ముడి పడింది మాత్రం 2013లో

మొన్న శనివారం రాత్రి బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు లినక్స్ సర్వర్‌కి కొత్త ఎన్‌వీఎంఈ కార్డు (డేటా దాచే డిస్క్) పెట్టి రీబూట్ కొడితే నెట్‌వర్క్ రాలేదు. పింగ్ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) లేదు, టీమ్‌లో ఉన్న నెల్లూరు కుర్రాడు మానిటర్ మోసుకుంటూ ర్యాక్ దగ్గరికి పరిగెత్తాడు. చూస్తే నెట్‌వర్క్ కార్డుకి సిస్టమ్ పెట్టిన పేరు ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంది, కాన్ఫిగ్‌లోనేమో పాత పేరే. ఇంకేముంది, గ్రూపులో సీనియర్లు ఆ కార్డుకి ఇదివరకు ఉండే పేరు తలుచుకుని మొదలెట్టారు: "ఈథ్0 అని హాయిగా ఉండేది కదయ్యా, ఎవడు మార్చమన్నాడు?"

కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) ఏ నెట్‌వర్క్ కార్డు ముందు దొరికితే అదే ఈథ్0 అన్న సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. హాయిగా ఉండేది అనేవాళ్లు మర్చిపోయింది యూడెవ్ (పరికరాలకి పేర్లు పెట్టే లినక్స్ ప్రోగ్రామ్) అప్పట్లో రాసిపెట్టే 70-పర్సిస్టెంట్-నెట్ రూల్స్ ఫైలుని. కార్డు మ్యాక్ అడ్రస్‌కి (ఒక్కో కార్డుకీ ఉండే సొంత నంబరుకి) ఒక పేరు కట్టేసి ఉంచేది అది. వీఎంని (వర్చువల్ మెషీన్‌ని) క్లోన్ చేస్తే మ్యాక్ మారుతుంది, ఈథ్0 పాత మ్యాక్ పేరు మీదే ఉండిపోతుంది, కొత్తది ఈథ్1 అవుతుంది, నెట్ రాదు. ఆ ఫైలు డిలీట్ చేసి రీబూట్ చేయడం అప్పట్లో మాకు రోజువారీ పని. పైగా కెర్నల్ ఇచ్చేవీ ఈథ్ పేర్లే, యూడెవ్ మార్చేవీ ఈథ్ పేర్లే కాబట్టి, యూడెవ్ ఒక పేరు పెట్టబోయేలోపు కెర్నల్ ఇంకో కార్డుకి అదే పేరు ఇచ్చేసేది.

2011లో ఫెడోరా 15 అనే లినక్స్, డెల్ వాళ్ల బయోస్‌డెవ్‌నేమ్ అనే టూల్‌తో ఈఎం1 లాంటి పేర్లు పెట్టి చూసింది. అసలు మలుపు 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ (లినక్స్‌ని బూట్ చేసి నడిపించే ప్రోగ్రామ్) 197వ వెర్షన్. అందులో పేరు కార్డుని వదిలి చోటుని పట్టుకుంది. బోర్డు మీదిదైతే ఈఎన్‌ఓ1, స్లాట్ నంబరు తెలిస్తే ఈఎన్‌ఎస్1, లేదంటే పీసీఐ దారిని (కార్డు తగిలించిన బస్, స్లాట్ నంబర్లని) బట్టి ఈఎన్‌పీ3ఎస్0. ఊరిని బట్టి ఇంటిపేరు వచ్చినట్టే. కార్డు కాలిపోయినా అదే స్లాట్‌లో ఇంకోటి పెడితే పేరు మారదు, అర్ధరాత్రి ఫైళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఆ మాట అది ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. మొన్న మా దగ్గర కార్డు మారలేదు, కొత్త ఎన్‌వీఎంఈ దూరడంతో బస్ నంబర్లు ఒకటి పక్కకి జరిగాయి, అంటే ఊరి పేరే మారింది.

ఓఎస్ అప్‌గ్రేడ్‌లో పేరు మారడం ఇంకో గోల. దానికి 2018 డిసెంబరులో సిస్టమ్‌డీ 240వ వెర్షన్ పాత నామకరణ పద్ధతినే పట్టి ఉంచే వీలు ఇచ్చింది.

కొత్త రకం పేర్లు వద్దని చెప్పే బూట్ ఆప్షన్ నెట్.ఇఫ్‌నేమ్స్=0 పెట్టేస్తే సరిపోతుందని సీనియర్ల వాదన. ఒకే కార్డున్న వీఎంకి నిజమే. మా సర్వర్‌లో నాలుగున్నాయి, ఏది ఈథ్0 అవుతుందో చెప్పలేం.

ఆదివారం మధ్యాహ్నం కుర్రాడు ఒక లింక్ ఫైలు (ఏ కార్డుకి ఏ పేరో చెప్పే ఫైలు) రాసి, మ్యాక్ అడ్రస్‌కి ల్యాన్0 అని పేరు కట్టాడు (అవును, తిరిగి మ్యాక్ దగ్గరికే, కార్డు మారిస్తే ఆ ఒక్క లైను మార్చుకోవాలి). "ఎలాగూ పెడుతున్నావుగా, ఈథ్0 అనే పెట్టరాదూ?" అన్నారు ఒక సీనియర్. "అది కెర్నల్ పేరండీ, మళ్లీ కొట్టుకుంటాయి" అన్నాడు వాడు.