మధ్యాహ్నం కరెంటు, సాయంత్రం కరెంటు

మా అపార్ట్‌మెంట్ వైజాగ్ మధురవాడలో. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, కింద సంపు, పైన ట్యాంకు, నీళ్లు ఎక్కించడానికి ఐదు హెచ్‌పీ మోటారు. ఇన్నాళ్లూ ఆ మోటారు సాయంత్రం ఏడింటికి తిరిగేది. అందరూ ఆఫీసుల నుంచి వచ్చి కుళాయిలు తిప్పేసరికి ట్యాంకు అయిపోతుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, వాచ్‌మన్ పరిగెత్తుకెళ్లి స్విచ్ వేస్తాడు. వేసవి మొదట్లో అసోసియేషన్ మీటింగులో నేను అడిగింది ఒక్కటే, దీన్ని మధ్యాహ్నం పన్నెండింటికి వేద్దామా అని.

"మధ్యాహ్నం ఎవరూ ఉండరు కదండీ, అప్పుడు నీళ్లెందుకండీ?" అన్నాడు వాచ్‌మన్.

న్యాయమైన ప్రశ్నే. ఎప్పుడు వేసినా మోటారు గంటసేపు తిరుగుతుంది, దాదాపు నాలుగు యూనిట్లు కాలతాయి, మా బిల్లులో రూపాయి తేడా రాదు. తేడా అంతా ఆ నాలుగు యూనిట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దాంట్లో ఉంది.

పరవాడ దగ్గర, బొగ్గు మండించి కరెంటు తీసే సింహాద్రి థర్మల్ కేంద్రం చూసే ఉంటారు. 500 మెగావాట్ల జనరేటర్లు నాలుగు, మొత్తం 2000 మెగావాట్లు. పూర్తి లోడు మీద ఒక్క గంట నడిస్తే 20 లక్షల యూనిట్లు, అందుకు సుమారు 1400 టన్నుల బొగ్గు. బొగ్గులోని కార్బన్ ఒక్కో పరమాణువూ గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని కలుపుకుని పైకి పోతుంది కాబట్టి, 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మండిన సరుకు కన్నా పొగ బరువెక్కువ అంటే చాలామంది నమ్మరు. మన వంటింటి గ్యాస్ బండే చూడండి, 14.2 కిలోల గ్యాస్ అయిపోయేసరికి గాలిలోకి 40 కిలోలకు పైగా చేరుతుంది. ఇలా చేరీ చేరీ, పరిశ్రమలు పుట్టక ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిపోయింది.

మధ్యాహ్నం సంగతి వేరు. 2013 చివరి రోజున దక్షిణాది గ్రిడ్డు, అంటే కరెంటు లైన్ల వల, మిగతా దేశం గ్రిడ్డుతో కలిసింది. అనంతపురం, కర్నూలు ఎండకే కాదు, అప్పటి నుంచి రాజస్థాన్ ఎండకి కూడా మన ప్లగ్గు దాకా వచ్చే దారి ఉంది. పన్నెండు, ఒంటిగంటప్పుడు ఆ సోలార్ పొంగి పొర్లుతుంది. బొగ్గు కరెంటు అప్పుడూ ఉంటుంది, అబద్ధం చెప్పను, కానీ దాని వాటా తగ్గుతుంది. సింహాచలం కొండ వెనక్కి పొద్దు దిగాక సోలార్ సున్నా. సరిగ్గా అప్పుడే మనందరం ఇళ్లకి చేరి ఏసీ, టీవీ, మిక్సీ, లిఫ్టు, మోటారు అన్నీ ఒకేసారి వేస్తాం. ఆ భారంలో ఎక్కువ భాగం బొగ్గు మీదే పడుతుంది.

సాయంత్రానికి బొగ్గు వాడుకుని పగలు ఆపేస్తే సరిపోదా అంటే, బొగ్గు బాయిలర్ గ్యాస్ పొయ్యి కాదు, నాబ్ తిప్పగానే ఆరి, మళ్లీ తిప్పగానే వెలగదు. సాధారణంగా 55 శాతం లోడు దాకా తగ్గిస్తారు, అంతకన్నా కిందికి తేవడం కష్టం. ఏడింటికి అవసరం కాబట్టి పగలంతా దాన్ని వెలిగించే ఉంచాలి, దానికి చోటివ్వడానికి ఒక్కోసారి సోలార్ కరెంటునే వద్దని ఆపేయాల్సి వస్తుంది. ఎండ కాస్తూ ఉండగా! నాకు మనసుకి కష్టం కలిగించేది ఇదే. సాయంత్రం భారం ఎంత తగ్గితే పగలు అంత తక్కువ బొగ్గు నిలబెట్టుకోవచ్చు.

ఇదంతా చెప్పాక మీటింగులో ఒప్పుకున్నారు. మొదటి వారం ఇబ్బందే అయింది, రాత్రి తొమ్మిదికే ట్యాంకు ఖాళీ. వాచ్‌మన్ ఓపిగ్గా ఇల్లిల్లూ తిరిగితే మూడో అంతస్తులో ఒక ఫ్లష్ ట్యాంకు రాత్రీపగలూ కారుతోందని తేలింది, వాషర్ మార్చారు. ఇప్పుడు మధ్యాహ్నం ఎక్కించిన నీళ్లు మర్నాడు పొద్దున దాకా వస్తున్నాయి, మోటారు గంట కూడా తిరగట్లేదు.

ఆలోచిస్తే మా డాబా మీది ట్యాంకు ఒక బ్యాటరీ. పగటి ఎండని నీళ్ల రూపంలో పైన దాచుకుని సాయంత్రం వాడుకుంటున్నాం. ఇదే పని కొండల మీద పెద్ద ఎత్తున చేస్తే దాన్ని పంప్డ్ స్టోరేజ్ అంటారు. కింది జలాశయం నీళ్లని పగలు మిగులు కరెంటుతో పై జలాశయానికి ఎక్కించి, పొద్దు పోయాక టర్బైన్ల మీదికి వదులుతారు. పెట్టిన నూరు యూనిట్లకి 75, 80 తిరిగొస్తాయి. మనకి ఆ కొండలు దగ్గర్లోనే ఉన్నాయి, మాచ్‌ఖండ్, సీలేరు ఎప్పటి నుంచో జలవిద్యుత్తుకి పేరు పడినవే. ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టాలన్నది రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో ప్రణాళిక. కార్బన్ తగ్గించే పనుల్లో మన ప్రాంతం వరకు నేను ముందు వరుసలో పెట్టేది దీన్నే.

ఇంట్లో వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, గ్రైండరు మధ్యాహ్నానికి జరపొచ్చు. రాత్రి ఏసీని జరపలేం, మన వైజాగ్ ఉక్కపోత అలాంటిది. అక్కడ యూనిట్లే తగ్గించాలి. 24 డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాన్ వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. ఆ ఫ్యాన్ పాత 75 వాట్లది కాకుండా 30 వాట్ల బీఎల్‌డీసీది (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) అయితే, రోజుకి పన్నెండు గంటల లెక్కన ఏడాదికి 200 యూనిట్లు మిగులు. దేశం మొత్తం సగటున యూనిట్‌కి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే 140 కిలోలు, ఒక్క ఫ్యానుకి. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ అయితే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా, ఏడాదికి మూడు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో దీనికి 78 వేల సబ్సిడీ ఉంది. ఒక్క మాట, సముద్రపు గాలికి స్టాండు తుప్పు పడుతుంది, గాల్వనైజ్ చేసిన మంచి ఇనుమే అడిగి వేయించుకోండి.

ఇక మన వైజాగ్ స్టీల్ ప్లాంట్. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలుములు. అక్కడ బొగ్గు వేడి కోసమే కాదు, ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాగేసేది కూడా కోకులోని (గాలి తగలకుండా కాల్చి తయారుచేసిన బొగ్గులోని) కార్బనే. అందుకే ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకి రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తప్పదు. కొంత పొదుపు మొదటి నుంచీ ఉంది. ఎర్రగా కాలుతున్న కోకు మీద నీళ్లు కొట్టి వేడినంతా ఆవిరిగా వదిలేయకుండా, నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో కరెంటు తీసే పద్ధతిని మన దేశంలో మొదట తెచ్చింది ఈ ప్లాంటే. అయినా అసలు కార్బన్ పోవాలంటే ముఖ్యంగా రెండు దారులు, పాత ఇనుము కరిగించడం, లేదా కోకు బదులు హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ని లాగడం. హైడ్రోజన్‌తో చేస్తే వచ్చేది నీటి ఆవిరి.

కానీ లెక్క వేయండి. టన్ను ఉక్కుకి 55 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే కరెంటు. అంటే దగ్గర దగ్గర మూడు వేల యూనిట్లు. అది ఇప్పుడున్న గ్రిడ్ కరెంటే అయితే మళ్లీ రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, బ్లాస్ట్ ఫర్నేసుతో సమానం, పొగ ఉక్కునగరంలో కాకుండా ఇంకోచోట వస్తుందంతే. 2025 జనవరిలో పూడిమడక దగ్గర శంకుస్థాపన చేసిన గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో తీసే హైడ్రోజన్) హబ్‌లో రోజుకి 1500 టన్నులు తీయాలన్నది లక్ష్యం. అందుకు రోజుకి ఏడున్నర కోట్ల యూనిట్లు కావాలి. సింహాద్రి మొత్తం 24 గంటలూ నిండుగా నడిచినా 4.8 కోట్లే. అందుకే దాని కోసం 20 వేల మెగావాట్ల సోలార్, గాలి కరెంటు అంటున్నారు. నీటిని విడగొట్టే ఆ యంత్రాలు బాయిలర్ల లాంటివి కావు, ఎండ ఉన్నప్పుడు పెంచి, తగ్గినప్పుడు తగ్గించి నడపొచ్చు. మా మోటారుని ఇప్పుడు మా వాచ్‌మన్ నడుపుతున్నట్టే.