మలుపుల దారిలో గుంపుగా వెళ్లే ముందు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఈసారి మా మోటారుసైకిల్ క్లబ్బు రైడ్‌కు వెనక సీటులో కూర్చుని వస్తామని మీలో కొందరు, లైసెన్సు చేతికి రాగానే సొంత బండి మీదే వస్తామని మరికొందరు అడుగుతున్నారు. పన్నెండు బండ్లు పల్లెదారుల మలుపుల్లో పొద్దున బయలుదేరి, సాయంత్రం దాకా చెదిరిపోకుండా ఎలా వెళ్లగలవన్నది మీ అందరి సందేహం కనుక దానికే జవాబు రాస్తున్నాను. ముందు బండిని వదలకుండా పట్టుకుని వెళ్లడం వల్లనే గుంపు కలిసి ఉంటుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. నిజానికి ఎవరూ ఎవరి వెంటా పడనక్కరలేకుండా ముందే చేసుకునే ఏర్పాటు పేరే గుంపు రైడ్.

ఆ ఏర్పాటు బండ్లు కదలకముందే మొదలవుతుంది. అందరికంటే ముందు వెళ్లే లీడ్ రైడర్‌కు దారి తెలిసి ఉండాలి; అందరికంటే వెనక వచ్చే స్వీప్ రైడర్ దగ్గర పంక్చరు సామాను, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఓపిక ఉండాలి. పెట్రోలు కోసం ఎక్కడెక్కడ ఆగాలో పెద్ద ట్యాంకు ఉన్నవారు నిర్ణయించరు, అందరిలోకీ చిన్న ట్యాంకు ఉన్న బండి నిర్ణయిస్తుంది. టైర్లలో గాలిని ఇంటి దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. కొంత దూరం నడిపాక టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అప్పుడు చూసిన అంకెను నమ్మడానికి లేదు.

ఇక దారి మీద. రోడ్డు తిన్నగా ఉన్నప్పుడు రోడ్డులో మన వైపు భాగంలోనే బండ్లు ఒకటి ఎడమ పక్కన, తరువాతిది కుడి పక్కన నడుస్తాయి. పక్కవరుసలో ముందున్న బండికి ఒక సెకను, సరిగ్గా తన ముందున్న బండికి రెండు సెకన్లు ఎడం ఉంచుతారు. మలుపులు మొదలవగానే ఈ అమరిక వదిలేసి, అందరూ ఒకరి వెనక ఒకరుగా, కనీసం రెండేసి సెకన్ల దూరంలో సాగాలి, ఎందుకంటే మలుపులో ప్రతి రైడరుకూ రోడ్డులో తన వైపు వెడల్పంతా కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పరుగెడుతుంది. ముందువారు బ్రేకు వేశారని మన కన్ను చూసి, చేయి లీవరు మీదికి వెళ్లేలోపే ఆ ఎడంలో చాలా భాగం కరిగిపోతుంది.

కొత్తవాళ్లను కంగారు పెట్టే విషయం ఒకటి ఇక్కడే ఉంది. రెండేసి సెకన్ల ఎడంతో పన్నెండు బండ్లు వెళుతుంటే, చివరి బండి మొదటిదానికి 22 సెకన్లు వెనక ఉంటుంది. ఒక ఊరి మధ్యనుంచి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ 22 సెకన్లు దాదాపు 180 మీటర్లు; ఊరు దాటి అందరూ 60కి చేరాక అవే 22 సెకన్లు 360 మీటర్లు దాటుతాయి. ఎవరూ వెనకబడలేదు, అయినా ముందు బండ్లు చూస్తుండగానే దూరమైపోతాయి. అది చూసి వెనకవాడు ఊరి పొలిమేర ఇంకా దాటకుండానే థ్రాటిల్, అంటే వేగం పెంచే పిడి, తిప్పేస్తాడు, అతనికి వెనకున్నవాడు ఇంకాస్త ఎక్కువ తిప్పుతాడు, చివరికి వరుస మొత్తంలో అందరికంటే వేగంగా పోతున్నది తోక చివరి బండే అవుతుంది. ఊరు దాటాక లీడ్ కొంతసేపు నెమ్మదిగానే పోయేది ఇందుకే. అతనికి బండి నడపడం రాదని నవ్వుకోకండి.

మరి ముందు బండి కనిపించకుండా పోతే దారి ఎలా తెలుస్తుంది? దారి చీలిన ప్రతిచోటా లీడ్ వేలితో చూపగానే, అతని వెనక రెండో స్థానంలో ఉన్న రైడర్ అందరికీ కనిపించే సురక్షితమైన చోట బండి ఆపి, వచ్చినవారందరికీ తిరగవలసిన వైపు చూపిస్తాడు. స్వీప్ వచ్చేదాకా అతను అక్కడే ఉండి, స్వీప్‌కు ముందు వరుసలో కలుస్తాడు. తరువాతి కూడలికి ఇంకొకరు ఆ పని చేస్తారు. వెనక ఎవరిదో టైరు పంక్చరైతే ఆ నిలబడడం చాలాసేపు సాగవచ్చు. విసుగొచ్చి ఒక్కరు కదిలిపోయినా ఏర్పాటంతా అక్కడే తెగిపోతుంది. నా దృష్టిలో మంచి రైడర్‌ను గుర్తుపట్టవలసింది బండి వంచడంలో కాదు, ఈ ఎండలో నిలబడడంలోనే.

మలుపు సంగతికి వస్తే, వేగం తగ్గించే పనంతా మలుపులోకి దిగకముందే పూర్తి కావాలి. 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపును గంటకు 50 కిలోమీటర్లతో తిరగడానికి బండి సుమారు 26 డిగ్రీలు వాలితే చాలు. అదే వంపులో 70తో వెళితే దాదాపు 44 డిగ్రీలు వాలాలి, ఎందుకంటే వేగం రెట్టింపైతే పక్కకు లాగే బలం నాలుగింతలవుతుంది. టైరు నేలను తాకేది అరచేయంత మేరే, దానికున్న పట్టునే వాలడానికీ బ్రేకుకూ పంచుకోవాలి. అంతగా వాలి ఉన్నప్పుడు లోపలి అంచున కంకరో, పొలంలోంచి వచ్చిన ట్రాక్టరు రాల్చిన తడి మట్టో, చెట్టునీడలో ఆరని ఆకులో ఎదురైతే పంచుకోవడానికి పట్టు మిగలదు.

దూరాన రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే చోటు మీద కన్ను ఉంచండి. అది మీ నుంచి దూరంగా జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోందని అర్థం. కదలక మీ మీదికి వస్తున్నట్టుంటే ఇంకా బిగుసుకుంటోంది, వేగం తగ్గించుకోవాలి. ముందు బండి వెనక దీపాన్నే చూస్తూ పోయేవాడికి ఇదేదీ కనిపించదు, పైగా ముందువాడు రోడ్డు తప్పితే తానూ అటే పోతాడు. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. ఇంకొకటి, వేగంలో ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు మెల్లగా నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, ముందు చక్రం క్షణంపాటు కుడికి తిరగడం వల్లనే బండి ఎడమకు వాలుతుంది. సైకిలు మీద ఇది మీరు తెలియకుండానే చేస్తున్నారు.

వెనక కూర్చునేవారికి పని తక్కువేమీ కాదు. మలుపు ఎటుంటే అటు వైపు భుజం మీదుగా ముందుకు చూస్తే ఒళ్లు దానంతట అదే బండితోపాటు వాలుతుంది. భయపడి ఎదురు వైపు నిటారుగా లేస్తే, అదే మలుపు తిరగడానికి నడిపేవారు బండిని ఇంకా ఎక్కువ వంచాల్సి వస్తుంది. బ్రేకు పడినప్పుడు హెల్మెట్లు ఢీకొనకుండా తొడలతో సీటును పట్టి కూర్చోండి. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీంచి తీయవద్దు, బండి ఆగినప్పుడు కూడా. దిగేముందు నడిపేవారి భుజం తట్టి, వారు సరేనన్న తరువాతే దిగాలి.

రావాలనుకునేవారు ఇంట్లో పెద్దల అనుమతి తీసుకుని, హెల్మెట్, చీలమండలు కప్పే బూట్లు, చేతులకు గ్లవుజులు ఉన్నాయో లేదో చూసుకుని నాకు రాయండి. సొంత బండి మీద వచ్చేవారు మాత్రం నిండు ట్యాంకుతో అది ఎన్ని కిలోమీటర్లు వస్తుందో కూడా రాయాలి. ఎక్కడెక్కడ ఆగాలో ఆ అంకెను బట్టే నిర్ణయిస్తాను.

మీ తాతయ్య