తిన్నని పలక, వంగిన పడవ

గోదావరి డెల్టాలో చిన్న చెక్క పడవ కట్టడం నేర్చుకోవాలంటే ముందు కొనాల్సింది కలప కాదు, దళసరి అట్ట. 40 సెంటీమీటర్ల పొడవు, 4.5 సెంటీమీటర్ల వెడల్పుతో తిన్నని ముక్కలు రెండు కత్తిరించండి. వాటిని ముక్కు దగ్గర అతికించి, నడుమ ఒక అడ్డుముక్క నిలబెట్టండి. అది పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండాలి. ఇక వెనక కొసలను దగ్గరకు లాగి కట్టి బల్ల మీద పెట్టండి. నడుమ భాగం బల్లను తాకుతుంది, ముక్కు, వెనక పైకి లేస్తాయి.

కత్తిరించిన అంచు తిన్ననిదే. అయినా అడుగుకు వంపు వచ్చింది. బయటికి వాలిన పలకను వంచితే అది శంకువు ముక్క అవుతుంది. ఆ శంకువు మొన కిందికి ఉంటుంది. దాని మీద తిన్నగా పరిచిన పట్టీ నడుమ మొనకు దగ్గరగా, కొసలు దూరంగా ఉంటాయి, అంటే పైకి. వాలు పెంచితే వంపు పెరుగుతుంది, పలకలు నిట్టనిలువుగా ఉంటే వంపే ఉండదు. 4 మీటర్ల పడవకు 5 నుంచి 8 సెంటీమీటర్ల వంపు చాలు. మరీ ఎక్కువైతే పడవ గాలికి పక్కకు తిరిగిపోతుంది. అసలు లేకపోతే వెనక చెక్క నీటిలో దిగబడి సుడులు లేపుతుంది, ఎంత తెడ్డు వేసినా వేగం రాదు. ఈ అట్ట నమూనా నచ్చేదాకా కలప జోలికి పోకండి.

తర్వాత బరువు లెక్క. నీటి మట్టం దగ్గర పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 1 మీటరు అనుకుందాం. కొసలు సన్నబడతాయి కాబట్టి ఆ దీర్ఘచతురస్రంలో సుమారు 70 శాతమే పడవది, అంటే 2.5 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు మునిగితే 25 లీటర్ల నీరు పక్కకు జరుగుతుంది, 25 కిలోలు మోస్తుంది. పడవ 90, ఇద్దరు మనుషులు 130, వల, చేపలు 40, మొత్తం 260 కిలోలు. సుమారు 10 సెంటీమీటర్లు మునుగుతుంది, అడుగు వంపు వల్ల ఇంకొంచెం ఎక్కువే. నిండు బరువుతో కూడా నీటికి పైన 25 సెంటీమీటర్ల పక్క మిగలాలి. అంతర్వేది దగ్గర ఉప్పునీటిలో ఇది 3 మిల్లీమీటర్లు కూడా పైకి తేలదు, ఆ తేడాను వదిలేయవచ్చు.

వదిలేయకూడనిది వెడల్పు. ఒరిగిన పడవను నిలబెట్టే బలంలో ఆకారం వల్ల వచ్చే భాగం వెడల్పు ఘనంతో మారుతుంది. 1 మీటరును 80 సెంటీమీటర్లు చేస్తే 0.8 ఘనం 0.51, అంటే ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. కోనసీమ కాలువల్లో గెడ వేసేవాళ్లు, విసురువల విసిరేవాళ్లు పడవలో నిలబడతారు. బరువు పైకి పోయేచోట వెడల్పులో పొదుపు ప్రాణం మీదకు తెస్తుంది. ఆటుకు నీళ్లు తగ్గినప్పుడు పడవ బురదమీద నిటారుగా నిలవాలి కాబట్టి, ఇక్కడ అడ్డంగా బల్లపరుపుగా ఉండే అడుగే సరైనది (పొడవునా ఉండే వంపు వేరే సంగతి).

కలప సంగతి. పక్కలకూ అడుగుకూ టేకు చేవ మేలు, తెల్లచెక్క తొందరగా పుచ్చుతుంది. లోపలి వంకర కొయ్యలకు నల్లతుమ్మ బాగుంటుంది, సహజంగా వంగిన కొమ్మను ఎంచుకోండి. తిన్నని దిమ్మను వంపుగా కోస్తే పోగు అడ్డంగా తెగి అక్కడే విరుగుతుంది. మామిడి చవకే కానీ ఎక్కువ కాలం నిలవదు. కొల్లేటి తాటిదోనెది వేరే తర్కం. తాటి మానులో గట్టి నార అంచున ఉంటుంది, నడుమ మెత్తన, అందుకే తొలిచేస్తే గట్టి గుల్ల మిగులుతుంది.

పలకలు కలిసేచోట ఎక్కువమంది తప్పు చేస్తారు. చెక్క నీరు పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు పెరగదు. లోపలి అంచులు తాకుతూ, బయటి వైపు 2 మిల్లీమీటర్ల సందు ఉండేలా చిత్రిక పట్టాలి. ఆ సందులో నూలు దట్టించి, పైన నూనెతో కాచిన గుగ్గిలం పూయాలి. బాగా ఎండిన పలకల మధ్య నూలును బలంగా కూరితే, ఉబ్బినప్పుడు చోటు లేక పలకలు మేకులను పీకేస్తాయి. మేకు కొట్టేముందు దానికంటే కాస్త సన్నని బరమాతో బెజ్జం వేయండి, లేకపోతే పలక కొస చీలుతుంది. రాగి మేకు పక్కన ఇనుప మేకు వద్దు. ఉప్పునీటిలో రెండూ కలిసి విద్యుత్ ఘటంలా పనిచేసి ఇనుమును తినేస్తాయి.

కోరంగి, యానాం వైపు ఉప్పుటేళ్లలో ఇంకో శత్రువు టెరెడో. అది పురుగులా కనిపించే ఆల్చిప్ప జాతి జీవి. పిల్లగా సూది మొనంత రంధ్రంతో దూరి లోపల వేలి లావు సొరంగం తొలుస్తుంది, పైకి ఏమీ కనబడదు. మంచినీరు దానికి పడదు కానీ రంధ్రానికి మూత వేసుకుని వారాల తరబడి ఓర్చుకోగలదు. ఒకటి రెండు రోజులు గట్టున ఎండబెట్టినా లాభం లేదు. అడుగుకు తారో రంగో పూర్తిగా పట్టించాలి, గీత పడినచోట వెంటనే మళ్లీ పూయాలి.

కొత్త పడవను నీళ్లలో దించేముందు రెండు మూడు రోజులు లోపల తడి గోనెలు పరచండి. దించాక మొదటిరోజు కారడం మామూలే, పలకలు ఉబ్బుతూ పట్టుకుంటాయి. మూడోరోజుకీ ఆగకపోతే ముక్కు దగ్గర పలకలు కలిసేచోట ఏటవాలు కోత చూడండి, ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది. బయటికి తీసి ఆరబెట్టి ఆ నూలంతా పీకి కొత్తగా దట్టించాలి. పైనుంచి గుగ్గిలం మెత్తితే నిలవదు.