పోపు ఘాటుకి మోగే అలారం

అమెరికాలో ఉండే మనవాళ్లకి బాగా అలవాటైన గోల ఒకటుంది. కాగిన నూనెలో ఎండుమిరపకాయలు, ఇంగువ పడీపడగానే హాల్లో పైకప్పుకున్న పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఒకరు పరుగెత్తి కిటికీ తీస్తారు. ఇంకొకరు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతారు. ఇల్లేమీ అంటుకోలేదు, పప్పులోకి తాలింపు పెట్టారంతే. అయినా అలారం పాడైందని ఎవరూ అనరు. నిజంగా నిప్పంటుకున్న ఒక్క రాత్రి మోగకపోవడం కంటే పోపు పెట్టిన ప్రతిసారీ మోగడమే నయమని దాన్ని అలా తయారుచేశారు.

మనిషి భయాన్ని ఈ అలారంతో పోల్చి చెప్పిన డాక్టరు రాండల్ఫ్ నెస్సీ. 1948లో పుట్టిన అమెరికన్ సైకియాట్రిస్టు. ఆందోళన జబ్బులకోసమే ప్రత్యేకంగా పెట్టిన తొలి క్లినిక్కుల్లో ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయంలోది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు.

అలాంటి క్లినిక్కుకి వచ్చేవాళ్ల బాధ మన ఇళ్లల్లోనూ ఉంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ముచ్చెమటలు పోస్తాయి, చేతులు చల్లబడతాయి, ప్రాణం పోతోందనిపిస్తుంది. మా దగ్గరి బంధువు ఒకావిడకి ఇలా మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగు, మూడుసార్లూ ఈసీజీ నార్మల్. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. ఆ "ఏమీ లేదు" అన్నమాటే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది. ఏమీ లేకపోతే ఇదంతా ఏమిటి మరి?

నెస్సీ దగ్గర దీనికి జవాబుంది. ఆ లక్షణాల్లో ప్రతిదానికీ ఒక పని ఉంది. పులి ఎదురైందనుకోండి. గుండె వేగం పెరిగితేనే కాళ్ల కండరాలకి రక్తం అందుతుంది. చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది కాబట్టి చేతులు చల్లబడతాయి. పరుగెత్తే ఒంటిని చల్లబరచడానికి చెమట. అంటే పానిక్ ఎటాక్ వచ్చినప్పుడు ఒంట్లో కొత్తగా ఏదో చెడిపోవడం లేదు. ప్రాణం కాపాడే ఏర్పాటే పులి లేనప్పుడు మోగుతోంది.

అవసరం లేకుండా ఎందుకు మోగాలి? దీనికి నెస్సీ ఒక లెక్క చెబుతాడు. పొద వెనక అలికిడైంది. పరుగెత్తితే 100 కేలరీలు ఖర్చు అనుకుందాం. నిజంగా మృగం ఉండి, మనం కదలకపోతే జరిగే నష్టం 1,00,000 కేలరీలకి సమానం అనుకుందాం. అప్పుడు మృగం ఉండే అవకాశం వెయ్యిలో ఒక వంతు దాటితే చాలు, పరుగెత్తడమే లాభం. ఆ హద్దు దగ్గర వెయ్యి పరుగుల్లో 999 ఉత్తపుణ్యానికి పోతాయి. అయినా ఏర్పాటు సరిగ్గా పనిచేస్తున్నట్టే.

భయం తక్కువైతే ఏమవుతుందో 1992లో లీ డుగాట్కిన్ అనే జీవశాస్త్రవేత్త గప్పీ చేపలతో చూశారు. ఈ చిట్టి చేపలు వేటాడి తినే బాస్ చేప కనబడినప్పుడు ఎలా మసలుతున్నాయో గమనించి వాటిని పిరికివి, మామూలువి, ధైర్యంగలవి అని విడదీశారు. తర్వాత ఆ బాస్ చేపతోనే ఒకే తొట్టిలో వదిలారు. 60 గంటలు గడిచేసరికి పిరికివాటిలో 40 శాతం, మామూలువాటిలో 15 శాతం మిగిలాయి. ధైర్యంగలది ఒక్కటీ లేదు. మనుషుల్లోనూ ఉండాల్సినంత భయం లేకపోవడం ఒక జబ్బేనని నెస్సీ అంటాడు. కాకపోతే వాళ్లు వైద్యం కావాలని ఏ క్లినిక్కుకీ రారు.

నెస్సీ ఇలా జబ్బుల్ని పరిణామం వైపునుంచి చూడడానికి మొదటి కారణం, ముసలితనం ఎందుకొస్తుందన్న ప్రశ్న. కాలేజీ రోజుల్లో దానిమీద ఒక వ్యాసం రాశాడు: పాతవాళ్లు పోతే జాతికి మేలు, అందుకే ముసలితనం వచ్చిందని. తర్వాత మిషిగన్‌లో జీవశాస్త్రవేత్తలు అది తప్పని చెప్పి, జార్జ్ విలియమ్స్ అనే జీవశాస్త్రవేత్త 1957లో రాసిన వ్యాసం చదవమన్నారు. వయసులో ఉండగా మేలుచేసే జన్యువు ముసలితనంలో కీడుచేసినా ప్రకృతి వరణంలో, అంటే బతికి పిల్లల్ని కనడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలకీ మిగలడంలో, నిలిచిపోతుందని అందులో ఉంది. విరిగిన ఎముకని త్వరగా అతికించే జన్యువే ఆఖర్న ధమనుల్లో కాల్షియం పేరుకునేలా చేస్తుందనుకోండి, అలాగన్నమాట. నెస్సీ ఆ విలియమ్స్‌తోనే కలిసి 1991లో డార్విన్ వైద్యం (జబ్బుల్ని పరిణామం వెలుగులో చూడడం) గురించి పెద్ద వ్యాసమూ, 1994లో పుస్తకమూ రాశాడు. ఈ మనిషికి జబ్బు ఎందుకొచ్చిందన్నది డాక్టర్లు అడిగే ప్రశ్న. అసలు మనుషులందరి ఒంట్లోనూ జబ్బుకి ఇంత చోటు ఎందుకు మిగిలిందన్నది వీళ్లిద్దరూ అడిగిన ప్రశ్న.

దానికి ఒక జవాబు మన గొంతులోనే ఉంది. అన్నం తింటూ నవ్వితే పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తిన తడతాం. గాలి వెళ్లే దారీ అన్నం వెళ్లే దారీ గొంతులో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవడం దానికి కారణం. చేపల్లాంటి పూర్వీకుల నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. ఇంజనీరైతే పాత ప్లాను చించేసి కొత్తది గీస్తాడు. ప్రకృతికి ఆ వీలు లేదు. ప్రతి తరమూ బతికి తీరాలి, మార్పులన్నీ నడుస్తున్న బండికే చెయ్యాలి.

జ్వరం సంగతి వేరు, అది ఒళ్లు చేసే ఎదురుదాడి. బయటి వేడిని బట్టే ఒంటి వేడి మారే ఎడారి ఇగ్వానా బల్లులకి సూక్ష్మజీవులు ఎక్కించి చూస్తే, వెచ్చగా ఉన్నవాటికంటే చల్లగా ఉంచినవే ఎక్కువ చచ్చిపోయాయని 1975లో తేలింది. అలాగని పారాసెటమాల్ వెయ్యకూడదా? అలారం లెక్క ఇక్కడా పనికొస్తుంది. ఒళ్లు అవసరానికి మించే స్పందిస్తుంది కాబట్టి చాలాసార్లు దాన్ని కాస్త తగ్గించినా ముప్పు లేదు. కొన్నిసార్లు ఉంది. షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల్లో పేగుల కదలికని ఆపే మందు వేస్తే జబ్బు ఇంకా లాగింది. ఎప్పుడు అణచాలి, ఎప్పుడు వదిలెయ్యాలి అన్నది మందు తెలిసినంతమాత్రాన తేలదు. ఆ లక్షణం ఎందుకుందో కూడా తెలియాలి.

ఈ ఆలోచనలో జారిపడే చోటొకటి ఉంది. ప్రతి జబ్బుకీ ఏదో ప్రయోజనం అంటగట్టి కథలల్లడం. దీని గురించి గట్టిగా హెచ్చరించినవాళ్లలో నెస్సీ ఒకరు. జబ్బు దానంతటది ఉపయోగం కాదు. భయం, దిగులు లాంటి స్పందనలు ఉపయోగం. దిగులు ఎంత పనికొచ్చేదైనా, తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి వైద్యం చెయ్యాల్సిందే. 2019లో ఆయన మానసిక వైద్యం గురించి రాసిన పుస్తకం ఈ తేడాని ఓపిగ్గా విడమరుస్తుంది. నేనాయన్ని నమ్మడానికి పెద్ద కారణం ఈ జాగ్రత్తే.

నెస్సీ 2014లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, పరిణామానికీ వైద్యానికీ ఉన్న సంబంధాన్ని చూసే కేంద్రానికి మొదటి డైరెక్టరయ్యాడు. మన ఎంబీబీఎస్‌లో అనాటమీ ఉంది, ఫిజియాలజీ ఉంది, బయోకెమిస్ట్రీ ఉంది. పరిణామం మాత్రం ఒక సబ్జెక్టుగా లేదు. పది క్లాసులు పెట్టినా బాగుండును. ఈసీజీ నార్మల్ వచ్చిన మా బంధువులాంటివాళ్లకి "ఏమీ లేదు" అన్న తర్వాత ఇంకో నాలుగు మాటలు చెప్పగలిగే డాక్టర్లు దొరుకుతారు.